కరెంటు పోలేదు, గాలి ఆగిపోయింది: భీమిలి హేచరీలో మా ప్రాజెక్టు డైరీ

మార్చి 2

తెల్లారుజామున 5:20కి రొయ్య పిల్లని పెంచే హేచరీ నుంచి అక్క ఫోన్. 4వ నంబర్ ట్యాంకు పోయిందిరా అంది, అంతే, ఆ తర్వాత మాట రాలేదు తనకి. మధురవాడ నుంచి భీమిలి బండి మీద ఎంతసేపు, అరగంటలో అక్కడున్నా. 10 టన్నుల ట్యాంకు, లీటరుకి 100 లెక్కన వదిలిన రొయ్య పిల్ల, మైసిస్ అనే లార్వా దశకి వచ్చింది, అంతా అడుక్కి దిగిపోయి తెల్లటి పొరలా పేరుకుపోయి ఉంది. బావ బీకర్ తో నీళ్ళు తీసి టార్చ్ లైటుకి అడ్డంగా పెట్టి చూస్తున్నాడు, ఒక్కటి కూడా కదలట్లేదు, అయినా ఆ బీకర్ కిందకి దించట్లేదు. మిగతా ట్యాంకుల్లో ఇంకా చిన్న పిల్ల కాబట్టి కొంత నీరసించినా నిలబడింది.

రాత్రి కాపలా ఉండే బాబాయ్ ని బావ ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆయనే చెప్పుకుంటూ తిరుగుతున్నాడు, "కరెంటు పోలేదు బాబూ, లైట్లన్నీ ఎలుగుతూనే ఉన్నాయి, ఒక్కసారి మినుకుమన్నాయి అంతే, జనరేటర్ కూడా లేవలేదు, గాలి ఆగిపోనాదని నాకెలా తెలుస్తాది". ఆయన చెప్పింది అక్షరాలా నిజం, అది నాకు స్టార్టర్ ప్యానెల్ తెరిచాకే అర్థమైంది.

జరిగింది ఇదీ. ట్యాంకుల్లోకి గాలి తోసే బ్లోయర్లు మూడు, 5 హెచ్‌పీ ఒక్కోటి, రెండు నడుస్తాయి ఒకటి స్టాండ్‌బై. మూడిటికీ మామూలు డీఓఎల్ స్టార్టర్లు, అంటే మోటర్ ని నేరుగా లైనుకి కలిపేవి. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్, అంటే కాయిల్ అయస్కాంతంతో మూసుకునే పెద్ద స్విచ్, పట్టుకుంటుంది, దాని పక్కనున్న హోల్డింగ్ కాంటాక్ట్ వల్లే అది అలా పట్టుకుని ఉంటుంది. వోల్టేజ్ ఒక్క క్షణం పడితే కాంటాక్టర్ వదిలేస్తుంది, హోల్డింగ్ తెగిపోతుంది, తర్వాత కరెంటు బ్రహ్మాండంగా ఉన్నా మళ్ళీ ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా బ్లోయర్ లేవదు. జనరేటర్ ని దానంతట అదే లేపే ఏఎంఎఫ్ ప్యానెల్ ఏమో కరెంటు కొన్ని సెకన్లు పూర్తిగా లేకపోతేనే ఇంజన్ కి స్టార్ట్ కమాండ్ ఇస్తుంది, దాని దృష్టిలో కరెంటు ఉంది, కాబట్టి అది చేసింది కూడా తప్పు కాదు. లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఫ్రిజ్ నడుస్తుంది, పిల్లకి గాలి మాత్రం లేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేకుండా పోయినప్పుడు కొన్న జనరేటర్ అది. అప్పట్నుంచీ మా భయమంతా పెద్ద కరెంటు కోత గురించే, డీజిల్ నిల్వ, స్పేర్ బ్యాటరీ, అన్నీ దాని కోసమే. ఒక్క క్షణం వోల్టేజ్ పడితే ఏమవుతుందని ఇన్నేళ్ళలో ఒక్కరం కూడా అనుకోలేదు.

మార్చి 9

ముందు సైరన్. కారణం తర్వాత వెతుక్కుందాం, గాలి ఆగితే మనిషికి తెలియాలి, అది మొదటి పని. ఒక్కో బ్లోయర్ కి, గాలిని వెనక్కి రానివ్వని దాని నాన్ రిటర్న్ వాల్వ్ కి మధ్య పైపులో ఒక ప్రెషర్ స్విచ్ పెట్టా. నడవాల్సిన బ్లోయర్ ప్రెషర్ 10 సెకన్లు తగ్గి ఉంటే బ్యాటరీ మీద నడిచే సైరన్ మోగుతుంది. కాంటాక్టర్ నుంచి సిగ్నల్ తీసుకోవడం తేలికే కానీ కావాలనే తీసుకోలేదు, బెల్టు తెగినా మోటర్ తిరుగుతూనే ఉంటుంది, కాంటాక్టర్ ఆన్ లోనే కనిపిస్తుంది. పైపులో గాలి ఉందా లేదా అన్నదే మనకి కావలసింది.

బాబాయ్ తో బ్లోయర్ ఆపించి చూపించా. మోగింది. "ఇదుంటే సాలు బాబూ, ఇంక నాకు నిద్ర పట్టినా పర్వాలేదు" అన్నాడు, పాపం ఆ వారం రోజులూ కన్ను మూయలేదట.

మార్చి 16

అసలు వోల్టేజ్ ఎంత పడుతోంది, ఎంతసేపు పడుతోంది తెలియకుండా ఏ సామాను కొన్నా అది జూదమే. మల్టీమీటర్ తో ఇది దొరకదు, అది నంబర్ మార్చేలోపు అంతా అయిపోతుంది. మన 50 హెర్ట్జ్ లో ఒక సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు, సగం సైకిల్ కి ఒకసారైనా లెక్క కట్టాలి.

ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి, జెడ్‌ఎంపీటీ101బీ వోల్టేజ్ సెన్సర్లు మూడు, టైం కోసం ఆర్‌టీసీ అనే గడియారం చిప్, మెమరీ కార్డు. సామానంతా వైజాగ్ డాబాగార్డెన్స్ లోనే దొరికింది. మూడు ఫేజుల్లో (ఆర్, వై, బీ) ఒక్కోదాన్ని సెకనుకి 2000 సార్లు చదివి ప్రతి 10 మిల్లీసెకన్లకి వోల్టేజ్ కి ఒక రకం సగటు అయిన ఆర్‌ఎంఎస్ కట్టి, ఏ ఫేజ్ అయినా 207 కంటే కిందకి పడితే ముందూ వెనకా రెండు సెకన్లు కార్డులో రాసేలా పెట్టా. 207 ఎందుకంటే 230లో 90 శాతం, ఐఈఈఈ 1159 స్టాండర్డ్ ప్రకారం 90 నుంచి 10 శాతం మధ్యకి, సగం సైకిల్ నుంచి ఒక నిమిషం లోపు పడి మళ్ళీ లేస్తే దాన్నే వోల్టేజ్ శాగ్ అంటారు. ఒక సాయంత్రమంతా ఇక్కడే పోయింది, రీడింగులు పిచ్చి పిచ్చిగా వచ్చాయి, చివరికి చూస్తే వైఫై ఆన్ లో ఉండగా ఈఎస్‌పీ32లో వోల్టేజ్ చదివే ఏడీసీ2 పిన్నులు పని చేయవు, నేను ఒక సెన్సర్ దానికే ఇచ్చా. ఏడీసీ1కి మార్చాక సరైపోయింది.

మార్చి 21

దొరికింది! తెల్లారుజామున 4:52. ఆర్ ఫేజ్ 139, వై ఫేజ్ 142, బీ ఫేజ్ మాత్రం 227 వోల్టులు. 180 మిల్లీసెకన్లు. తొమ్మిది సైకిళ్ళు. రెండు బ్లోయర్లూ పడిపోయాయి, సైరన్ మోగింది, బాబాయ్ నిమిషంలోపు రెండూ లేపేశాడు. పిల్లకి ఏం కాలేదు.

ఈ నంబర్లు చూసి నేను చాలాసేపు కూర్చుండిపోయా, రెండు ఫేజులు పడి ఒకటి చెక్కుచెదరకుండా ఉండటం ఏంటని. మన ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపు వైండింగులు డెల్టా (త్రికోణంలా కలిపినవి), ఇటు స్టార్ (ఒక బిందువు దగ్గర కలిపినవి). అదే సబ్‌స్టేషన్ నుంచి వెళ్ళే ఇంకో 11 కేవీ ఫీడర్ లో ఒక వైరు భూమికి షార్ట్ అయితే, డెల్టా దాటి వచ్చేసరికి మనకి రెండు ఫేజులు సుమారు 58 శాతానికి పడతాయి, మూడోది నిండుగా ఉంటుంది. 58 శాతం అంటే 133, మనకొచ్చింది 139. అంటే తప్పు మన లైన్లో లేదు, పక్క లైన్లో ఎక్కడో జరిగింది, అక్కడి బ్రేకర్ దాన్ని విడగొట్టేదాకా ఆ 180 మిల్లీసెకన్లు మనమూ ఆ దెబ్బ తిన్నాం.

మరి తెల్లారుజామునే ఎందుకు? సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన విషయమే, సంక్రాంతి వెళ్ళాక వర్షాలుండవు, ఉప్పుగాలి తీగల్ని పట్టుకునే పింగాణీ ఇన్సులేటర్ల మీద పొర కడుతూ ఉంటుంది, పగలు ఎండకి అది పొడిగా ఉంటే ఏం కాదు, తెల్లారుజామున మంచు పడి ఆ ఉప్పు తడిసిందంటే పింగాణీ మీద నుంచే కరెంటు పాకుతుంది. మంచి వాన ఒకటి పడి కడిగేస్తే మళ్ళీ కొన్నాళ్ళు నిశ్చింత. 4వ నంబర్ ట్యాంకు పోయింది కూడా మంచు పడ్డ రాత్రే.

ఇంకో సంగతి, మా స్టార్టర్లలో ఒకటో దాని కాయిల్ ఆర్ ఫేజ్ మీద, రెండోది వై మీద, స్టాండ్‌బై ది బీ మీద ఉంది. లోడు సమంగా పంచాలని అప్పట్లో ఎలక్ట్రీషియన్ అలా ఇచ్చి ఉంటాడు, మంచి ఆలోచనే. ఆ తెల్లారు నిలబడగలిగే కాయిల్ ఒక్క స్టాండ్‌బై దే.

మార్చి 23

బల్ల మీద పరీక్ష, శాగ్ ని మనమే తెప్పించి చూడటానికి. డిమ్మర్‌స్టాట్ ఒకటి, సాలిడ్ స్టేట్ రిలేలు (ఎలక్ట్రానిక్ స్విచ్చులు) రెండు, ఒకటి నేరుగా 230 ఇస్తుంది, ఇంకోటి డిమ్మర్ నుంచి తగ్గించిన వోల్టేజ్, ఈఎస్‌పీ32 చెప్పినంతసేపు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. రెండూ ఒకేసారి ఆన్ అయితే డిమ్మర్ వైండింగ్ షార్ట్ అయినట్టే, అందుకే మధ్యలో 10 మిల్లీసెకన్ల గ్యాప్, పైన ఫ్యూజు. ఎవరైనా చేస్తే ఈ గ్యాప్ మాత్రం మర్చిపోవద్దు.

బ్లోయర్ ఒకటి ఆపి దాని పాత కాంటాక్టర్ ఊడదీసి పెట్టా. వోల్టేజ్ మెల్లగా దించుతుంటే 165 దగ్గర గుర్రుమనడం మొదలైంది, 148కి టక్ మని వదిలేసింది. విప్పి చూస్తే ఇనుప ముఖాలు రెండిటి మీదా ఎర్రటి తుప్పు, మధ్యలో సన్నటి దుమ్ము, గోటితో గీరితే పొడి రాలింది. ఆ కాగితమంత సందు చాలు అయస్కాంతం పట్టు సగమైపోవడానికి. అదే సైజు కొత్త కాంటాక్టర్ పెట్టి చూస్తే 112 దాకా పట్టుకుంది. రెండూ తప్పేం కాదు, స్టాండర్డ్ లో ఏసీ కాయిల్ 75 నుంచి 20 శాతం మధ్య ఎక్కడ వదిలినా సరే అనే ఉంది.

కొత్తవి రెండూ మార్చేశాం. 139 అయితే ఇవి తట్టుకుంటాయి.

మార్చి 30

ఈ వారం అందరూ తలో సలహా ఇచ్చారు. ఎక్కువమంది చెప్పింది సర్వో స్టెబిలైజర్. కొటేషన్ లక్ష దాటింది. డబ్బు సంగతి పక్కన పెడితే, సర్వో అంటే లోపల మోటర్ తిరిగి బ్రష్ జరిగి వోల్టేజ్ సర్దుతుంది, సెకనుకి కొన్ని పదుల వోల్టులే సర్దగలదు. 180 మిల్లీసెకన్లలో అది కదలడం మొదలుపెట్టేలోపే శాగ్ అయిపోతుంది. రోజంతా 190 వచ్చే ఊళ్ళో సర్వో దేవుడే, ఈ జబ్బుకి మాత్రం మందు కాదు.

బ్లోయర్లకి ఆన్‌లైన్ యూపీఎస్ అన్నారు. మోటర్ స్టార్టింగ్ లో ఆరు రెట్ల కరెంటు లాగుతుంది, దానికి తగ్గ యూపీఎస్ అంటే హేచరీ అమ్ముకోవాలి.

కాయిల్స్ కి కరెంటిచ్చే కంట్రోల్ సర్క్యూట్ కి ఒక్కదానికే కంప్యూటర్ యూపీఎస్ పెట్టేద్దాం అన్నాడు బావ. నేనూ మొదట అదే అనుకున్నా, చవక కూడా. కానీ ఆలోచిస్తే ఒళ్ళు జలదరించింది. కరెంటు నిజంగా పోయిందనుకోండి, యూపీఎస్ కాయిల్స్ ని పట్టుకునే ఉంటుంది, మోటర్లు ఆగిపోయి ఉంటాయి, కాంటాక్టర్లు మాత్రం మూసే ఉంటాయి, జనరేటర్ లేచిన క్షణంలో అన్ని మోటర్లూ ఒకేసారి మీద పడతాయి, జనరేటర్ కుదేలవుతుంది. అంతకన్నా ఘోరం, ఆగింది కదా అని ఎవరైనా బెల్టు మీద చెయ్యి పెట్టి ఉంటే? అందుకని ఒక నియమం పెట్టుకున్నా: కాంటాక్టర్ ఒక సెకను లోపు మాత్రమే పట్టుకోవాలి, అంతకు మించి కరెంటు లేకపోతే చచ్చినట్టు వదిలేయాలి.

సీవీటీ, అంటే ఫెర్రో రెజొనెంట్ ట్రాన్స్‌ఫార్మర్, అది మంచి వస్తువు, లోపల కదిలే భాగాలే ఉండవు, లోడుకి రెట్టింపు సైజు తీసుకుంటే ఇన్‌పుట్ సగానికి పడినా లాగేస్తుంది. ప్రస్తుతానికి దానివైపే మొగ్గుతున్నా.

ఏప్రిల్ 4

మధ్యాహ్నం గాలి. వై ఫేజ్ 61 వోల్టులు, ఆర్ 201, బీ 204, 420 మిల్లీసెకన్లు. రెండో నంబర్ బ్లోయర్ పడింది, కొత్త కాంటాక్టరే. సాయంత్రం లైన్‌మన్ అన్న చెప్పాడు, అవతల తోటలో కొబ్బరి మట్ట రెండు తీగల మీద అడ్డంగా పడిందట. రెండు ఫేజులు ఒకదానికొకటి తగిలితే డెల్టా ఇవతల ఒక ఫేజ్ దాదాపు అడుక్కి వెళ్ళిపోతుంది, మిగతా రెండూ 87 శాతం దగ్గర నిలబడతాయి. 61కి సీవీటీ కూడా ఏం చేయలేదు.

కానీ ఆ రాత్రి రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే అసలు విషయం కనిపించింది. మార్చిలో బీ బాగుంది. ఇప్పుడు ఆర్, బీ రెండూ బాగున్నాయి. మూడు ఫేజులూ కలిసి పడటం అరుదు, ఎప్పుడూ ఏదో ఒకటి నిలబడే ఉంది! కాయిల్ ని ఒక ఫేజ్ కి కట్టేసి అది పడిందని ఏడవడం ఎందుకు, ఏది బాగుంటే దాన్నుంచి తీసుకుంటే పోలా?

ఏప్రిల్ 6

డిజైన్ ఇదీ. ఒక్కో ఫేజ్ కి ఏసీని డీసీగా మార్చే ఒక చిన్న ఎస్‌ఎంపీఎస్, 24 వోల్టులు 2.5 యాంప్స్, ఇన్‌పుట్ 85 నుంచి 264 వోల్టులు ఉన్నది. మూడిటి అవుట్‌పుట్ లూ కరెంటుని ఒక వైపే పోనిచ్చే ఒక్కో షాట్కీ డయోడ్ గుండా ఒకే 24 వోల్ట్ లైనుకి కలుస్తాయి. కాంటాక్టర్లు 24 వోల్ట్ డీసీ కాయిల్ వి. ఎస్‌ఎంపీఎస్ కి 85 చాలు కాబట్టి మార్చిలో పడ్డ 139 దానికి లెక్కే కాదు, 61కి పడ్డ ఫేజ్ ఎస్‌ఎంపీఎస్ ఆగిపోయినా మిగతా రెండూ మోస్తాయి.

మూడు ఫేజులూ కలిసి 85 కిందకి పడితే? దానికి కరెంటు కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్లు. మూడు కాయిల్స్, ఒక రిలే కలిపి 20 వాట్లు. 0.3 సెకన్లకి 6 జౌల్స్ కావాలి. 24 నుంచి 18కి దిగేలోపు కెపాసిటర్ ఇచ్చేది సగం సీ ఇంటూ (576 మైనస్ 324), అంటే 126 సీ, కాబట్టి సీ 0.048 ఫారడ్. 10,000 మైక్రోఫారడ్ 35 వోల్ట్ వి ఐదు.

ఏప్రిల్ 13

బల్ల మీద మొదటిసారి ఆన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ లు టిక్ టిక్ టిక్ అంటూ కొట్టుకున్నాయి తప్ప 24 రాలేదు. ఖాళీ కెపాసిటర్లు వాటికి షార్ట్ లాగే కనిపిస్తాయి, ఓవర్‌లోడ్ అనుకుని ఆగడం మళ్ళీ లేవడం. 10 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ గుండా కెపాసిటర్లు చార్జ్ అయ్యేలా, డిశ్చార్జ్ మాత్రం పక్కన పెట్టిన డయోడ్ గుండా నేరుగా వెళ్ళేలా మార్చా. అంతే, మెత్తగా లేచింది.

మూడు సప్లైలూ ఒకేసారి ఆపి చూస్తే కాంటాక్టర్లు 0.3 కాదు, 1.4 సెకన్లు పట్టుకున్నాయి. నా లెక్క 18 దగ్గర వదిలేస్తాయని, డీసీ కాయిల్స్ ఏమో 9 వోల్టుల దాకా వదల్లేదు. ఇది సంతోషించాల్సిన విషయం కాదు, నా ఒక సెకను నియమం దాటిపోయింది. రెండు కెపాసిటర్లు తీసేశా, మూడిటితో 0.8 సెకన్లు వచ్చింది. లెక్క ఎంత కట్టినా చివరికి వాచీ పెట్టి కొలవాల్సిందే.

తర్వాత సెమీ ఎఫ్47లో చెప్పే మూడు పాయింట్లూ, మూడు ఎస్‌ఎంపీఎస్ లకీ కలిపి ఒకేసారి పెట్టి చూశా, 50 శాతం 0.2 సెకను, 70 శాతం 0.5 సెకను, 80 శాతం 1 సెకను. అది చిప్ ఫ్యాక్టరీల మిషన్ల కోసం పెట్టిన స్టాండర్డ్, మా రొయ్య పిల్లకి అవసరం లేకపోవచ్చు, కానీ కొలుచుకోవడానికి ఒక గీత ఉండాలి కదా. ఒక్కసారి కూడా వదల్లేదు. కెపాసిటర్ల తర్వాతే స్టాప్ బటన్, ఎమర్జెన్సీ స్టాప్ వస్తాయి కాబట్టి అవి నొక్కితే వెంటనే వదులుతుంది, అది పదిసార్లు చూశా.

ఏప్రిల్ 20

బ్యాచ్ అమ్ముడయ్యాక ట్యాంకులు ఎండబెట్టే రోజులు, బిగించడానికి అదే అదను. మెయిన్ ఆపి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని మొదలుపెట్టా, సాయంత్రానికి అయింది. నిజంగా కరెంటు పోతే ఏం జరగాలో కూడా ఇందులోనే పెట్టేశా: కాంటాక్టర్లు వదిలేస్తాయి, జనరేటర్ లేచి 24 వోల్టులు వచ్చాక టైమర్ల మీద మొదటి బ్లోయర్, 5 సెకన్లకి రెండోది, వాటంతట అవే లేస్తాయి. తమంతట తామే లేచే మోటర్లు కాబట్టి బెల్టు గార్డులన్నీ బిగించి, ఎర్ర పెయింటుతో తెలుగులో పెద్దగా రాయించాం.

ఏప్రిల్ 27

ఇంకొక్క ప్రమాదం ఉంది, దీన్ని వదిలేస్తే చేసిందంతా మోటర్లు కాల్చుకోవడానికే. ఇదివరకు ఆర్ ఫేజ్ ఫ్యూజు పోతే ఒకటో కాంటాక్టర్ దానంతట అదే పడిపోయేది. ఇప్పుడు మిగతా రెండు ఫేజుల నుంచి 24 వస్తూనే ఉంటుంది కాబట్టి కాంటాక్టర్ హాయిగా పట్టుకుంటుంది, మోటర్ రెండు ఫేజుల మీద నడిచి కాలిపోతుంది. ఫేజ్ పోతే మోటర్ ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పాతది ఉంది కానీ అది శాగ్ కే పడిపోయే రకం, లైన్ నుంచే సప్లై తీసుకుంటుంది, డిలే లేదు. దాని బదులు సప్లై వేరేగా 24 వోల్టులు ఇచ్చుకునే మోడల్, ట్రిప్ డిలే తిప్పుకునే నాబ్ ఉన్నది తెప్పించి 2 సెకన్లకి పెట్టా. శాగ్ అయితే దాటిపోతుంది, ఫేజ్ నిజంగా పోతే రెండు సెకన్లలో ఆపేస్తుంది. ఒక ఫేజ్ ఎంసీబీ దించి చూశా, ఒకటి, రెండు, టక్.

మొత్తం ఖర్చు 12 వేల చిల్లర, సైరన్ తో కలిపి.

మే 3

రాత్రి ఉరుములు మెరుపులు, వేసవి గాలివాన. వోల్టేజ్ లాగర్ లో 9:14 నుంచి 9:40 లోపు నాలుగు శాగ్ లు, వాటిలో పెద్దది మూడు ఫేజులూ కలిసి 74, 70, 77 వోల్టులు, 260 మిల్లీసెకన్లు. సరిగ్గా కెపాసిటర్లు ఎందుకు పెట్టామో అదే వచ్చింది. ఆ సమయానికి నేను బ్లోయర్ రూంలోనే ఉన్నా. లైట్లు దాదాపు ఆరిపోయాయి, బ్లోయర్ల మోత ఊపిరి బిగబట్టినట్టు ఒక్కసారి కిందకి దిగింది, మళ్ళీ అదే శ్రుతికి ఎక్కింది. కాంటాక్టర్ల చప్పుడు లేదు.

బయటికొచ్చి చూస్తే బాబాయ్ 4వ నంబర్ ట్యాంకు దగ్గర టార్చ్ వేసి వంగి ఉన్నాడు. బుడగలు వస్తూనే ఉన్నాయి. "ఏటి బాబూ, ఇప్పుడు మినుకుమంది కదా, గాలి ఆగలేదేటి" అన్నాడు. ఆగదు బాబాయ్ అన్నా. కాసేపు టార్చ్ తీయకుండా అలాగే చూస్తూ ఉన్నాడు.

వచ్చే ఆదివారం ప్యానెల్ తలుపుకి కొత్త రబ్బరు గాస్కెట్ వేయాలి, ఈ రెండు వారాల్లోనే డయోడ్ల స్క్రూల మీద ఉప్పు పొర కనిపిస్తోంది. కెపాసిటర్లు పట్టుకునే టైం ఆరు నెలలకోసారి కొలవాలి, 0.5 కిందకి వస్తే మార్చేయాలి, ఆ మాట తేదీతో సహా తలుపు లోపల అంటించా.